మొదటి పళ్ళెం

మా అక్క ఏ వంటనూ దించే ముందు రుచి చూసి ఎరగదు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. బస్సుల డిపో క్యాంటీన్‌లో ఏళ్ళ తరబడి గుండిగలకు గుండిగలు వండి దించిన మనిషి, గరిటె అంచున ఉన్న చుక్కైనా నాలుక మీద వేసుకోకుండా ఉంటుందా అని నాతో వాదనకు దిగుతారు. ఆమె పక్కన పీట వేసుకుని కూరగాయలు తరిగినదాన్ని నేను. ఆమె తోడికోడల్ని. ఒకే గోడకు ఇటు నేను, అటు ఆమె కాపురం చేశాం. నాకు తెలియనిది దారిన పోయేవాళ్ళకు ఎలా తెలుస్తుందో నాకర్థం కాదు.

ఆమెకు వంట నేర్పింది ఒక ముసలాయన. ఏదో హాస్టల్లో జీవితమంతా వండి, చూపు తగ్గాక మానేసినవాడు. ఆయన చెప్పిన సూత్రం ఒక్కటే. "వండేవాడి నాలుక వండేవాడికి చుట్టం. వాడి పక్షానే మాట్లాడుతుంది. నువ్వు తినేవాడి మొహం చూడు." మా అక్క ఆ మాటను ఒంటబట్టించుకుంది. మూత తీసి, ఆవిరి మీదికి వంగి, కళ్ళు మూసుకుని ఒక్కసారి గాలి పీల్చేది. "ఇంకా పడాలి" అంటూ ఉప్పు డబ్బా అందుకునేది. ఉప్పుకు వాసనేంటక్కా, నీ చోద్యం కాకపోతే అని నేను ఏడిపించేదాన్ని.

"ఉప్పుకు ఉండదే మొద్దూ. ఉప్పు పడిన కూరకు ఉంటుంది," అనేది.

ముక్కు చెప్పేది సగమే. మిగతా సగం చెప్పడానికి ఒక మనిషి ఉండేవాడు. డిపోలో ఇంజన్లు విప్పే కాంట్రాక్టు మెకానిక్. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం కాబట్టి క్యాంటీన్‌లో అందరం అతన్ని ఈకల మెకానిక్ అనేవాళ్ళం. మా బావగారికి, అంటే అక్క భర్తకు, డిపోలో చేరిన నాటి నుంచీ స్నేహితుడు. అక్కను వదినా అని పిలిచేవాడు. భోజనాల గంట కొట్టగానే చేతుల గ్రీజు కడుక్కుని అందరికన్నా ముందు వచ్చి కూర్చునేవాడు. మొదటి పళ్ళెం అతనిది. తలుపు తీసి మిగతావాళ్ళను లోపలికి పిలవడం అతను ఒక ముద్ద తిన్నాకే.

"వదినా, ఈ దుంప ఉడికిందా, లేక పొయ్యి పక్కన కూర్చుని కబుర్లు విని వచ్చిందా?"

"ఉప్పు సంగతి చెప్పు," అనేది అక్క, అతని వెక్కిరింపు చెవిన వేసుకోకుండా.

"ఉప్పుని కొట్టు దగ్గరే మరిచిపోయి వచ్చినట్టున్నారు."

అక్క గుండిగలో ఇంకొంచెం ఉప్పు వేసి కలిపేది. అప్పుడు తలుపు తీసేవాళ్ళం. నాకు మాత్రం అతని నోరు చూస్తే ఒళ్ళు మండేది. ఏమన్నా అంటే, "డబ్బులిచ్చి తింటున్నానమ్మా, వంకపెట్టడం నా హక్కు" అనేవాడు. అక్క నన్నే కసిరేది. అతను చెప్పకపోతే తన వంట గాలిలో దీపమేనట.

ఇంట్లో ఆమెకు ఆ సదుపాయం లేదు. మా బావగారు నోట్లో నాలుక లేని మనిషి. బస్సులకు రంగు కొట్టే షెడ్డులో పనిచేసి పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకుని, రిటైరు కాకముందే ఇంటిపట్టున కూర్చున్నాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఏం పెట్టినా బాగుందనేవాడు. చప్పగా ఉన్నా బాగుంది, మాడినా బాగుంది. "మీ మాట నమ్ముకుంటే నేను వంట మరిచిపోతాను" అని అక్క విసుక్కుంటే, నవ్వి తన కంచం తనే కడుక్కుని బోర్లించేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు. ఉన్న ఒక్క పిల్లాడూ ఈయనే అని అక్క నాతో అంటూ ఉండేది. ఆయన గొంతు కాస్త గరగరలాడితే చాలు, ఆ రోజు క్యాంటీన్‌లో ఆమె మొహం చూడలేకపోయేవాళ్ళం.

అలాంటి ఇంటి మీదికి జబ్బు కాలం వచ్చింది. ముందు పక్క ఊళ్ళలో అన్నారు, తరవాత పక్క వీధిలో అన్నారు. బస్సులు ఆగిపోయాయి. డిపోలో వరసగా నిలబెట్టిన బస్సుల అద్దాల మీద దుమ్ము పేరుకుంది. కాంట్రాక్టు వాళ్ళను పని ఉన్నప్పుడు పిలుస్తామని ఇళ్ళకు పంపేశారు. దుకాణాలు మూతపడ్డాయి, కూలి దొరికే అడ్డాలు మూతపడ్డాయి. అప్పుడు పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. క్యాంటీన్ మూయవద్దు, టోకెన్లు తీసేయండి, డిపో వాళ్ళయినా కాకపోయినా వచ్చినవాళ్ళందరికీ ఊరికే భోజనం పెట్టండి అని. లోపల కూర్చోబెట్టడం లేదు. కిటికీలోంచి పొట్లం అందించాలి, వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళి తినాలి.

ఉత్తర్వు వచ్చినంత తేలిగ్గా మనిషి మారడు కదా. మా క్యాంటీన్ సూపర్వైజరుకు టోకెను అడగందే నిద్రపట్టదు. టోకెను పోయేసరికి ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎక్కడ పని, ఇంట్లో ఎంతమంది, డిపోలో ఎవరు తెలుసు. మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడ, చంకలో కూతురితో కిటికీ దాకా వచ్చి, ఆ ప్రశ్నలు విని, "పొరపాటున వచ్చాను బాబూ" అని వెనక్కి తిరిగింది. ఆమె వెనకున్న ఇద్దరు కూడా ఆమెతో పాటే వెళ్ళిపోయారు. అక్క గరిటె చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది.

"అయ్యా, ఇవన్నీ అడగమని ఆర్డరులో ఉందా?"

"లేదనుకో. అలవాటమ్మా."

"అయితే ఆ అలవాటు మానుకోండి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మనం ఈ కాస్త రోజులూ అమ్మ మీద ఒక మెట్టు ఎక్కుదాం. వాళ్ళు మనల్ని అడగక్కర్లేదు, మనం వాళ్ళను అడగక్కర్లేదు."

తనే వీధిలోకి వెళ్ళి ఇస్త్రీ ఆవిడను వెనక్కి పిలుచుకొచ్చింది. ఆ రోజు నుంచి మా కిటికీ దగ్గర మాట లేదు. చెయ్యి వస్తుంది, పొట్లం వెళ్తుంది, రెండు చేతులు ఒక దండం పెడతాయి, అంతే. ఆ సంగతి ఎలా పాకిందో, వరస గేటు దాటి వీధి మలుపు తిరిగింది. ఎప్పుడూ చెయ్యి చాచి ఎరగనివాళ్ళు, మొహానికి గుడ్డ ఉంది కదా అన్న ధైర్యంతో వచ్చి నిలబడ్డారు. గుండిగలో గరిటెడు కూడా మిగిలేది కాదు. వంటవాళ్ళం మేము రొట్టె ముక్కలూ అరటిపళ్ళూ తిని సరిపెట్టుకునేవాళ్ళం. అక్కను చూస్తే నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఆ మాట దాచుకోను, ఆమె లేకపోతే మా వీధిలో సగం పొయ్యిలు ఆకలితో ఉండేవి.

ఆమె భయమంతా బావగారి గురించే. ఒకరోజు నర్సమ్మ వచ్చి వంటవాళ్ళందరినీ దూరదూరంగా నిలబెట్టి చెప్పింది. ఈ జబ్బు చాలామందికి ముందు ముక్కు మీద దెబ్బ కొడుతుందట. వాసన తెలియకపోతే ఆ నిమిషం నుంచి ఇంటికి వెళ్ళకూడదు. డ్రైవర్లు పడుకునే విశ్రాంతి గదుల్లో మంచాలు వేశారు, అక్కడే ఉండాలి. ఆ సాయంత్రమే అక్క ఒక సంచిలో చీరలు, దువ్వెన, మందుబిళ్ళలు సర్ది క్యాంటీన్ బల్ల కింద పెట్టింది.

"ఇప్పట్నించే అక్కడ ఉండిపోరాదూ? బావగారికి నేను వండి పెడతాను," అన్నాను.

"ఆయాసం వచ్చినప్పుడు వీపు రుద్దేదెవరే? నువ్వు రుద్దుతానంటే ఆయన సిగ్గుతో చచ్చిపోతాడు. నా ముక్కు సంగతి నాకు తెలుసు. అది నన్ను మోసం చెయ్యదు."

సాయంత్రం పెరట్లోనే స్నానం చేసి, ఆయనకు వండి పెట్టి, తను ఇంత మజ్జిగన్నం తిని వాకిట్లో చాప వేసుకుని పడుకునేది.

ఆ రోజుల్లోనే మాకు మందంగా రెండు పొరలు కుట్టిన గుడ్డ ఇచ్చారు, మూతికీ ముక్కుకీ కలిపి కట్టుకోవడానికి. వంటింట్లో అది తియ్యకూడదు. అక్క ఆవిరి మీదికి వంగేది, పీల్చేది, తల అడ్డంగా ఊపేది. "ఈ గుడ్డ కట్టాక కూర నాతో మాట్లాడడం మానేసిందే" అనేది. ఆవిరిలో ఏమీ తెలియకపోతే ఇంకొంచెం ఉప్పు వేసేది. వేసి, సందేహంగా నిలబడేది. మొహాలు చూద్దామంటే అన్నీ గుడ్డల వెనక ఉన్నాయి, పైగా తినేది ఇళ్ళలో.

అలాంటప్పుడు ఈకల మెకానిక్ కనిపించాడు. వరసలో బాగా వెనక, టోపీ కళ్ళ మీదికి లాక్కుని నిలబడ్డాడు. ముందు చూసింది నేనే. అక్కకు చెప్పగానే ఆమె కళ్ళలో వెలుగొచ్చింది.

"వాణ్ణి ముందుకు పిలువు. మొదటి పళ్ళెం పెడదాం."

వెళ్ళి పిలిస్తే కదలడు. "పళ్ళెం ఎందుకమ్మా, పొట్లం చాలు. నా వంతు వచ్చినప్పుడు తీసుకుంటాను" అన్నాడు. ఎప్పుడూ బల్ల గుద్ది మాట్లాడే మనిషి నేల చూస్తూ మాట్లాడాడు. బతిమాలి తీసుకొచ్చి షెడ్డు కింద బల్ల మీద కూర్చోబెట్టాం. తల వంచుకుని తిన్నాడు. పళ్ళెం ఖాళీ చేసి నీళ్ళు తాగాడు, మళ్ళీ తాగాడు.

"ఉప్పు ఎలా ఉంది?" అని అక్క కిటికీలోంచి అడిగింది.

"బాగుంది వదినా."

"దుంప ఉడికిందా?"

"అన్నీ బాగున్నాయి."

అక్క నా వైపు తిరిగింది. పెళ్ళినాటి నుంచి చూస్తున్నాను, ఆమె కళ్ళలో అంత సంతోషం ఎప్పుడూ చూడలేదు. "విన్నావా? వాడి నోట బాగుందన్న మాట" అంది. సూర్యుడు ఇవాళ పడమట పొడిచాడు అని నేను కూడా నవ్వాను. మర్నాడూ బాగుందన్నాడు, ఆ మర్నాడూ బాగుందన్నాడు. కష్టాలొచ్చి మనిషి మెత్తబడ్డాడనుకున్నాం. అక్క మాత్రం ఆవిరి మీద నమ్మకం వదిలేసి, పూర్తిగా ఆ ఒక్క మాట మీదే గుండిగలు దించేది.

బయటపెట్టింది ఇస్త్రీ ఆవిడ కూతురు. ఆ పిల్ల ఆకలికి ఆగలేక కిటికీ ముందే పొట్లం విప్పుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఉమ్మేసింది. తల్లి దాని వీపు మీద ఒక్కటేసింది.

"పెట్టింది తినాలి. అన్నం ఉమ్మితే కళ్ళు పోతాయి," అని కసిరింది.

నేను చెంబుతో నీళ్ళు పట్టుకెళ్ళాను. "ఉప్పు" అంది పిల్ల ఏడుస్తూ. తల్లి కంగారుపడింది. "చిన్నపిల్ల, దానికేం తెలుసమ్మా. మీరు రోజూ ఎంత బాగా వండుతున్నారో. నీళ్ళలో కడుక్కుని తినేస్తున్నాం, ఏం పర్లేదు" అంది. ఆమె మర్యాదకు అన్నది.

లోపలికొచ్చి గుండిగలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. మింగలేకపోయాను.

"అక్కా, ఉప్పు ఎన్నిసార్లు వేశావు?"

"వాసన అందకపోతే మళ్ళీ వేశాను. బాగుందని వాడు చెబుతూనే ఉన్నాడుగా," అంటూ అక్క ఆగిపోయింది. నా మొహం చూసింది. తినేవాడి మొహం చదవడమే ఆమె పని, ఇక నేను చెప్పాల్సిందేమీ లేకపోయింది.

గచ్చు కడిగే ఫినాయిలు సీసా మూలన ఉంది. వెళ్ళి మూత తీసి, మొహం మీద గుడ్డ కిందికి లాగి, సీసా ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను నిలబడ్డ చోటికే ఆ ఘాటు కొడుతోంది. ఆమె పీల్చింది, ఇంకోసారి పీల్చింది. సీసాకు మూత బిగించి, ఉన్న చోటే పెట్టి, గుడ్డ మళ్ళీ కట్టుకుంది.

"ఏమీ లేదే," అంది. తరవాత, "నా దగ్గరికి రాకు. ఆ సంచి కాలితో ఇటు తొయ్యి" అంది.

తోశాను. సంచి తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "నిన్న కూడా మీ బావ వీపు రుద్దాను. చాలాసేపు రుద్దాను" అంది. అది నాతో చెప్పినట్టు లేదు.

నేను ఇంటికి వెళ్ళేసరికే బావగారికి జ్వరం. ఎప్పటినుంచి అంటే చెప్పడు. అంబులెన్సుకు కబురు చేశాను. అది వచ్చేలోపు ఆయన చొక్కా బొత్తాలన్నీ పెట్టుకుని, తల దువ్వుకుని, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను గేటు దగ్గరే ఆగమని చెయ్యి చూపించాడు. ఆయన వెనక, గూట్లో, కడిగిన కంచం బోర్లించి ఉంది.

"మీ అక్కకెలా ఉందమ్మాయ్?"

"బాగానే ఉంది బావగారూ. జాగ్రత్త కోసం అక్కడ ఉంచారంతే."

కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "తనకి పని మరీ ఎక్కువైపోయింది. ఈ మధ్య కూరలో ఉప్పు... నోట్లో పెట్టుకోలేకపోతున్నాను. ఎంత అలసిపోతే ఆ చెయ్యి తప్పుతుంది చెప్పు. నేనేం అనలేదు. నువ్వూ అనకు. బాధపడుతుంది."

అంబులెన్సు వచ్చింది. నిండా తొడుగులు వేసుకున్న ఇద్దరు ఆయన్ని ఎక్కించారు. ఎక్కుతూ నాకు చెయ్యి ఊపాడు. అదే ఆయన్ని ఆఖరుసారి చూడడం.

పోయాడన్న కబురు అక్కకు చెప్పాల్సింది నేనే. విశ్రాంతి గది కిటికీకి చువ్వలున్నాయి, నేను ఇవతల నిలబడ్డాను. చెప్పాను. ఆమె అరవలేదు. మంచం మీద కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, "మంట కూడా చూడనివ్వరా" అని అడిగింది. చూడనివ్వరన్నాను. నేను లోపలికి వెళ్ళి ఆమెను పట్టుకోవడానికి లేదు. ఆ చువ్వలు పట్టుకుని నేనే ఏడ్చాను, ఆమె లోపలి నుంచి నన్ను ఊరుకోమంది.

నర్సమ్మను అడిగాను, ముందే తెలిసి ఉంటే బతికేవాడా అని. అక్క ముక్కు పోకముందే ఆయనకు అంటుకుని ఉండొచ్చు అంది. ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆ రెంటి మధ్యా మేమందరం ఇప్పటికీ బతుకుతున్నాం.

ఒళ్ళు బాగుపడి అక్క మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చిన రోజున ఈకల మెకానిక్ వచ్చాడు. కిటికీ ముందు నిలబడి టోపీ తీశాడు.

"ఉప్పు ఎక్కువైందని నాకు అప్పుడే తెలిసింది వదినా. మొదటి రోజే నోరంతా ఉప్పుకషాయం అయిపోయింది. ఊరికే తింటూ వంకేం పెట్టను? మొహం చెల్లలేదు. అన్నయ్య పోతాడని..." అని ఆగిపోయాడు.

నేను ఊరుకోలేదు. "బతుకంతా ఈకలు పీకావు. పీకాల్సిన రోజునే నీ నోరు పడిపోయిందా?" అన్నాను. ఇంకా చాలా అనేదాన్నే. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఊరుకోవే. ఆకలితో వచ్చినవాడి నోరు వాడి వశంలో ఉండదు. ఎవరినీ ఏమీ అడగొద్దని చెప్పింది నేనేగా."

అతనికి పళ్ళెం పెట్టింది. "నువ్వు ఊరికే తినడం లేదు. నాకు ముక్కు పోయింది, ఇంక రాదంటున్నారు. ఇది నీ పని. రోజూ వచ్చి చెయ్యి" అంది. అతను ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు తుడుచుకుని, ఉప్పు కాస్త తక్కువైందన్నాడు. అక్క ఉప్పు డబ్బా అందుకుంది.

బస్సులు తిరగడం మొదలైనా పనులు తిరిగి రానివాళ్ళు ఎందరో. వరస ఇంకా ఉంది. కిటికీ దగ్గర మాత్రం ఇప్పుడు అక్కే నిలబడుతుంది. పొట్లం చేతికివ్వబోతూ, "నిన్న ఏం బాగాలేదు?" అని అడుగుతుంది. అంతా బాగుందమ్మా అంటే పొట్లం వదలదు. ఏదో ఒకటి చెప్పాలి. వరస కదలడం లేదని సూపర్వైజరు నెత్తి కొట్టుకుంటాడు. ఇస్త్రీ ఆవిడ ఒకరోజు ధైర్యం చేసి, క్యారెట్టు ముక్కలు మరీ లావుగా తరుగుతున్నారంది. తరిగేది నేను. నాకు రోషం వచ్చింది, అక్క చాలా రోజుల తరవాత నవ్వింది.

మొన్న మధ్యాహ్నం గుండిగలు తోముతుంటే, తల ఎత్తకుండా అడిగింది.

"ఇంట్లో వండింది కూడా నేనే కదే. అదే చెయ్యి, అదే ముక్కు. మీ బావ ఆ రోజులన్నీ అదే తిన్నాడు. ఆయనకు తెలిసే ఉంటుందంటావా?"

నా చేతిలో పీచు ఆగింది. గుమ్మంలో కుర్చీ, పైదాకా పెట్టుకున్న బొత్తాలు, బోర్లించిన కంచం కళ్ళ ముందుకొచ్చాయి.

"ఆయనకు ఏ రుచి తెలిసింది గనక అక్కా. మాడింది పెట్టినా బాగుందనే మనిషి."

ఆమె నా మొహం వైపు చూసింది. నేను గుండిగలోకి వంగి అడుగు గట్టిగా తోమసాగాను. "అంతేలే" అంది చేతులు కడుక్కుంటూ. ఆయన చెప్పింది నా దగ్గరే ఉండిపోయింది. ఎవరు వచ్చినా వంక చెప్పమని రోజూ కిటికీలో నిలబడి బతిమాలే మనిషికి, నేను కూడా బాగుందనే చెప్పాను.